నళినాక్షరావుగారి నొప్పి పట్టీ

మూలిగే మనుషులంటే డాక్టర్ నళినాక్షరావుకి ఒళ్లు మంట. లిఫ్టు చెడిపోయి నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి "అబ్బా" అన్న గుమాస్తాని చూస్తే మంట. నడుం పట్టేసిందని సెలవడిగిన సైంటిస్టుని చూస్తే మంట. పక్కింటి పెద్దాయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ "రామ రామ" అంటే, పాపం ఆ రాముడి మీద కూడా మంటే. నొప్పి అంటే నరాల్లో పారే సమాచారం, అంతకుమించి ఏమీ లేదు, దానికి రాగాలు తీయడం చదువూ సంధ్యా లేనివాళ్ల పని అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఆయన బుర్రలోనే పడి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. మన ఖర్మ కొద్దీ ఆయన హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద పరిశోధనాలయానికి డైరెక్టరు.

ఎలా అయ్యాడంటే, వయసులో ఉన్నప్పుడు మనిషి నిజంగానే గట్టివాడు. కాదనడానికి లేదు. సన్నని రక్తనాళంలో రక్తం ఎలా పారుతుందో కంప్యూటరులో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాశాడు. ఇప్పటికీ కాలేజీల్లో దాన్ని పాఠంగా చెబుతారు. ఆ ఒక్క ప్రోగ్రాముతో విభాగానికి అధిపతి అయ్యాడు. అధిపతి అయ్యాక కమిటీల్లో కూర్చోవడం నేర్చుకున్నాడు. కూర్చోవడం బాగా వచ్చాక, ఇంక వేరే ఏదీ రానక్కర్లేదని కనిపెట్టాడు. అక్కణ్ణుంచి కిందివాళ్లు రాసిన ప్రతి పేపరు మీదా మొదటి పేరు ఆయనదే. ఏ మీటింగులో చూసినా మధ్య కుర్చీ ఆయనదే. తన కంప్యూటరు పాస్‌వర్డు గుర్తుపెట్టుకోవడానికి కూడా ఒక మనిషిని పెట్టుకున్నాడు. అయినా ఎవరైనా తన ముందు ప్రోగ్రాం గురించి మాట్లాడితే, పసిపిల్ల సంగీతం విన్న విద్వాంసుడిలా ఒక చిరునవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఎంత ఓర్పు గలవాడికైనా చెయ్యి దురద పెడుతుంది.

నొప్పి పట్టీ ఆలోచన మాత్రం అచ్చంగా ఆయనదే. ఆలోచన మంచిది కూడా. పసిపిల్లలున్నారు, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లున్నారు. వాళ్లకి ఎంత నొప్పిగా ఉందో వైద్యుడికి ఎలా తెలుస్తుంది? మణికట్టుకి ఒక పట్టీ చుడతారు. చెమట, నాడి, ఊపిరి, గొంతులోంచి వచ్చే చప్పుడు అన్నీ అది పట్టుకుంటుంది. పరిశోధనాలయంలో ఉన్న పెద్ద కంప్యూటరు ఆ మనిషి ఒంటికి నమూనా కట్టి, లోపల బాధ ఎంతో లెక్క తేల్చి, పట్టీ మీద ఒక అంకె చూపిస్తుంది. సున్నా నుంచి పది దాకా. నాలుగు లోపు ఆకుపచ్చ, ఏడు దాటితే ఎరుపు. ఫైళ్లలో దానికి పెద్ద సంస్కృతం పేరుంది. అందరూ పిలిచేది మాత్రం పట్టీ అనే.

యంత్రానికి ముందు నేర్పాలి కదా. ఏ ఒంట్లో ఏ గుర్తు కనిపిస్తే ఎంత నొప్పో ఎవరో ఒకరు చెప్పాలి. దానికి బయటి మనుషుల్ని పిలిస్తే అనుమతులూ అవీ ఆలస్యమవుతాయని, పరిశోధనాలయం సిబ్బందినే కూర్చోబెట్టమన్నాడు నళినాక్షరావు. సభామందిరంలో బల్ల మీద స్టీలు తొట్టి పెట్టారు. గేటు అవతల చెరుకురసం బండివాడి దగ్గర్నుంచి గోనెసంచిలో ఐసు వచ్చింది. చేతిని మోచేతి దాకా ఐసు నీళ్లలో పెట్టాలి, తీయకుండా ఉంచాలి, నొప్పి ఎంతుందో అంకె చెప్పాలి. డైరెక్టరు ఎదురుగా కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఉంటే ఆయన ప్రతి పరీక్షకీ స్వయంగా కూర్చోవడం ఆ సంస్థలో ఆచారం. అది శ్రద్ధ అని ఆయన అనుకునేవాడు.

మొదట చెయ్యి పెట్టింది డిప్యూటీ డైరెక్టరు చిదంబరం. డైరెక్టరు తుమ్మితే తనకి జలుబు చేసే రకం మనిషి. వేళ్లు పాలిపోయి, పెదాలు వణుకుతున్నాయి.

"ఎంతయ్యా?"

"అబ్బే, రెండు సార్. అసలు చల్లగా హాయిగా ఉంది సార్."

తర్వాత అకౌంట్సు విభాగం ఆవిడ కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు జారుతున్నాయి.

"ఆ నీళ్లేమిటమ్మా?"

"జలుబు సార్. రెండే సార్."

కొత్తగా చేరిన సైంటిస్టొకడు, ఆ సంస్థ సంగతి ఇంకా తెలియనివాడు, చెయ్యి పెట్టిన కాసేపటికే "ఎనిమిది సార్!" అని కేకేశాడు. నళినాక్షరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"పాలకొండ సార్."

"మీ ఊళ్లో మగాళ్లంతా ఇంతేనా?"

సభామందిరమంతా గొల్లున నవ్వింది. కుర్రాడు చెవుల దాకా ఎర్రబడి, "మూడు సార్, మూడే" అని దిద్దుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎదుట ఆ తొట్టి దగ్గర మూడు దాటి చెప్పిన మొనగాడు లేడు. గుండె దడదడలాడుతోంది, ఒళ్లంతా చెమట, పళ్లు బిగపట్టి ఊపిరి ఆపేశారు, అయినా నోటి వెంట వచ్చేది రెండు. యంత్రానికి ఏం తెలుసు పాపం? గుండె ఇలా కొట్టుకుని, ఊపిరి ఇలా ఆగిపోయి, మనిషి కిక్కురుమనకుండా ఉంటే దాన్ని రెండు అంటారు కాబోలని బుద్ధిగా నేర్చుకుంది.

పట్టీకి బ్రహ్మాండంగా గిరాకీ పట్టింది. నగరంలో పెద్ద ఆసుపత్రులు కొన్ని ముందుగా తీసుకున్నాయి. నాలుగు లోపు అంకె వచ్చినవాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టమని పరిశోధనాలయమే నియమం రాసిచ్చింది. రద్దీ తగ్గిందని ఆసుపత్రుల వాళ్లు మురిసిపోయారు. ఊరికే గోల చేసేవాళ్ల ఆట కట్టిందని నళినాక్షరావు పత్రికలకి చెప్పాడు. జిల్లా ఆసుపత్రులన్నిటికీ పట్టీలు ఇవ్వడానికి మంత్రిగారి చేత సభకి ముహూర్తం పెట్టించారు. అది కాగానే దేశంలోని ఇలాంటి పరిశోధనాలయాలన్నిటి మీదా పెద్ద పదవి ఆయనకి ఖాయమని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ఆ కబురు విన్నాక ఆయన నడకే మారిపోయింది. వరండాలో ఎదురొచ్చిన వాళ్లు గోడకి అతుక్కుపోయి దారివ్వాల్సి వచ్చేది.

ఇంట్లో ఆయన భార్య వకుళ. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఒకరోజు పొద్దున కాఫీ రావడం ఆలస్యమైంది. అందుకని, కేవలం అందుకని, ఆయన వంటింట్లోకి తొంగిచూశాడు. వకుళ కుడి డొక్క మీద చెయ్యి అదిమిపట్టుకుని, గట్టుకి నడుం ఆన్చి నిలబడి ఉంది.

"ఏమోయ్, కాఫీ సంగతేమిటి?"

"ఇస్తున్నానండీ. ఇక్కడ కాస్త పట్టేసినట్టుంది. మూడు రోజులుగా వస్తోంది, పోతోంది."

"నిన్న వడలు తిన్నావుగా."

"వడలు చేశాను. తిన్నది మీరు."

ఆయన విసుగ్గా లోపలికెళ్లి, సంచిలోంచి పట్టీ ఒకటి తెచ్చి ఆమె మణికట్టుకి చుట్టాడు. ఆయన ఎదురుగా నిలబడి ఉండగా మూలగడం వకుళకి ఏనాడూ అలవాటు లేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి పంటినొప్పికి ఏడిస్తే, "దీన్ని నొప్పంటారా?" అన్నాడు. ఆనాటి నుంచి మానేసింది. ఇప్పుడూ ఊపిరి బిగబట్టి నిలబడింది. పట్టీ ఆకుపచ్చగా వెలిగింది.

"రెండు. చూశావా? ఏమీ లేదు."

వకుళ ఆ అంకెని చాలాసేపు చూసింది. తను పడుతున్నదానికీ ఆ అంకెకీ పొంతన కుదరలేదు. కానీ అంత పెద్ద కంప్యూటరు చెబుతోంది, కట్టుకున్నవాడు చెబుతున్నాడు.

"రెండేనా అండీ? అయితే నాకే ఎక్కువ అనిపిస్తోందేమో" అని, పట్టీ విప్పి ఇచ్చి, పాలు పొయ్యి మీద పెట్టింది.

ఆ రోజే ఆఫీసులో సునంద ఆయన గదికి వచ్చింది. సునంద గణాంకాలు చూసే సైంటిస్టు. పెద్దగా మాట్లాడదు. ఇంతమందిలో నోరూ బుర్రా రెండూ ఇంకా తాకట్టు పెట్టని మనిషి ఆవిడొక్కతే. పక్క కుర్చీలో చిదంబరం ఉన్నాడు, ఎప్పట్లాగే.

"సార్, పట్టీ తప్పు చెబుతోంది" అంది.

"సెన్సరు ఏ కంపెనీది? కొత్త బ్యాచా?"

"యంత్రం బానే ఉంది సార్. మనం నేర్పిందే తప్పు. ఐసు తొట్టి పరీక్షలు మీరు ఢిల్లీ వెళ్లిన వారం కూడా జరిగాయి. ఆ వారం కూర్చున్నవాళ్లు ఏడు, ఎనిమిది చెప్పారు. కొందరు చెయ్యి తీసేసి తిట్టారు కూడా. ఆ లెక్కలన్నీ తీసి అవతల పడేశారు."

"ఎవరు పడేశారు?"

చిదంబరం గొంతు సవరించుకున్నాడు. "నేనే సార్. మిగతావాటితో కలవట్లేదు సార్. తేడాగా ఉన్నాయి. మీ సగటు పాడవుతుందని…"

"మంచి పని చేశావు. ఆ వారం ఐసు ఎక్కువేసి ఉంటారు."

"ఐసు అదే బండిది సార్, తూకం కూడా అంతే" అంది సునంద. "గదిలో తేడా ఉంది."

"గదిలో ఏం తేడా?"

సునంద తలెత్తింది. "మీరు సార్. మీరెదురుగా ఉంటే ఎవరూ నిజం చెప్పరు. నొప్పి దాచుకునే మనిషి ఎలా ఉంటాడో, అది తక్కువ నొప్పి అని మనం యంత్రానికి నేర్పాం. నోరు చేసుకునేవాళ్లకే అది పెద్ద అంకె ఇస్తోంది. ఓర్చుకునేవాళ్లని వెనక వరసలో పడేస్తోంది. పోయిన నెల ఒక ఆటో డ్రైవరు రెండు అంకెతో బెంచీ మీద కూర్చుని, కూర్చున్నచోటే పోయాడు సార్. లోపల పేగు పగిలి ఉంది."

నళినాక్షరావు నవ్వాడు. ఆ నవ్వే. చిదంబరం కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా.

"అమ్మాయ్, ఒక ఆటో డ్రైవరుతో సైన్సు మారదు. నా మొహం చూస్తే కంప్యూటరు లెక్క తప్పుతుందా? ఇదేనా మీకు కాలేజీల్లో చెప్పింది? మంత్రిగారి సభకి అతిథిగృహంలో కర్టెన్లు మార్చాలి. నువ్వు ఆ కమిటీలో ఉండు. రంగులన్నా సరిగ్గా చూసుకో."

మనిషిని కొట్టకుండా తిట్టకుండా ఇలా చంపడం ఒక విద్య. ఆ విద్యలో నళినాక్షరావుకి సాటి లేరు. సునంద వెళ్లిపోయింది. చిదంబరం "భలే గాలి తీశారు సార్" అన్నాడు. మధ్యాహ్నం భోజనం ఆయనకి ఎంతో రుచిగా అనిపించింది.

మంత్రిగారి సభ ఇంక వారం ఉందనగా, వకుళ కాలేజీలో పాఠం చెబుతూ కుప్పకూలిపోయింది. తోటి లెక్చరర్లు ఆటోలో ఎక్కించి దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పట్టీలు ముందుగా పెట్టుకున్న ఆసుపత్రుల్లో అదొకటి. గుమ్మంలోనే మణికట్టుకి పట్టీ చుట్టారు. నలుగురి ముందూ నోరు తెరవడం ఎన్నడూ ఎరగని మనిషి, పళ్లు బిగించి కళ్లు మూసుకుంది. రెండు. ఆకుపచ్చ. వెనక వరస.

కబురందుకుని నళినాక్షరావు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఒక చిన్న గదిలో మంచం మీద వకుళ పడుకుని ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. కొద్దిగా జ్వరం. పక్కనున్న లెక్చరరు ఏడుపు మొహంతో, "పొద్దుట్నుంచీ ఎవరూ చూడట్లేదండీ, స్కానింగు రేపంటున్నారు" అంది. ఆయన ముందు భార్య మొహం చూడలేదు. పట్టీ చూశాడు. చూసి స్థిమితపడ్డాడు.

"కంగారేమీ లేదమ్మా. రెండే. మీరు వెళ్లండి, నేనున్నాగా."

ఆవిడ వెళ్లాక, ఆయన కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. "ఎలా ఉంది?"

"పర్వాలేదండీ. మీకు సభ పనులున్నాయేమో."

పర్వాలేదట. ఆ మాటని ఆయన నమ్మాడు. సెల్లు తీసి సభ కార్డు మీద తన పేరు ఎంత పెద్దగా పడిందో చూసుకుంటున్నాడు, అప్పుడొచ్చింది సర్జను. డాక్టర్ మెహరున్నీసా. జుట్టు నెరిసిన మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. పట్టీ వైపు కన్నెత్తి చూడకుండా వకుళ నుదురు ముట్టుకుంది, నాడి పట్టుకుంది, కుడి డొక్క కింద వేళ్లు పెట్టి నొక్కింది.

"నొప్పున్నదా అమ్మా?"

వకుళ కళ్లు భర్త మీదికి వెళ్లాయి. "అంతేమీ లేదు డాక్టరుగారూ."

సర్జను మళ్లీ నొక్కింది. "ఇక్కడ?"

"కొంచెం."

దుప్పటిని పిడికిట్లో బిగించిన వకుళ చేతిని మెహరున్నీసా చూసింది. తర్వాత ఆ కళ్లు ఎటు వెళ్తున్నాయో చూసి, నళినాక్షరావు వైపు తిరిగింది.

"సార్, మీరు జర బయటికి నడువుండ్రి."

"నేనామె భర్తని."

"అందుకే చెప్తున్న."

"నేనెవరో మీకు తెలిసినట్టు లేదు."

"మస్తు తెలుసు సార్. ఈ పట్టీ మీదే గదా. దీన్ని నమ్మి మా జూనియర్ డాక్టర్లు రోగి దిక్కు చూసుడే బంద్ చేసిండ్రు. ముందుగాల బయటికి నడువుండ్రి."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఆయన్ని గదిలోంచి బయటికి పొమ్మన్నవాళ్లు లేరు. ఈ ఆసుపత్రి సూపరింటెండెంటుతో మాట్లాడి ఈవిడ సంగతి చూడాలనుకుంటూ వసారాలోకి వచ్చి, తలుపు వేసి, సెల్లు తీశాడు.

అప్పుడు వినిపించింది కేక. గోడలు అదిరే కేక. "అమ్మా, అమ్మా, చచ్చిపోతున్నా, ఓర్చుకోలేనమ్మా" అంటూ, మధ్యలో మాటలు కూడా లేని అరుపు. వార్డులో ఎవరో నాటుమనిషి రాగం తీస్తోందని నళినాక్షరావు మొహం చిట్లించుకున్నాడు. ముందు ఆయనకి వచ్చిన ఆలోచన అదే, సిగ్గులేని ఆలోచన. అరుపు తన వెనక తలుపులోంచే వస్తోందని, ఆ గొంతు వకుళదని అర్థం కావడానికి ఆయనకి కాసేపు పట్టింది. కట్టుకున్నదాని గొంతు గుర్తుపట్టలేకపోయాడు. ఎప్పుడైనా విన్నాడా, గుర్తుపట్టడానికి?

గభాలున తలుపు తోశాడు.

అరుపు ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. వకుళ నోరు మూసుకుంది, పెదవి కొరికి పట్టుకుంది, చెదిరిన పైట సర్దుకోబోయింది. ఆమె మణికట్టు మీద పట్టీ ఎర్రగా తొమ్మిది చూపిస్తోంది. ఆయన చూస్తుండగానే ఎనిమిదైంది, ఆరైంది, నాలుగైంది. ఆకుపచ్చగా మారి రెండు దగ్గర నిలబడింది. నుదుటి మీద చెమట ధారలు మాత్రం ఆగలేదు.

"వచ్చారా" అంది వకుళ, నవ్వే ప్రయత్నం చేస్తూ.

మెహరున్నీసా ఏమీ అరవలేదు. "చూసిండ్రా సార్?" అంది. "ఇగ తలుపెయ్యుండ్రి."

ఆయన వెనక్కి అడుగేసి తలుపు వేశాడు. లోపల వకుళ మళ్లీ అరిచింది, ఈసారి ఇంకా గట్టిగా, ఇన్నేళ్లదీ కలిపి. తలుపు పిడి పట్టుకుని ఆయన అక్కడే నిలబడిపోయాడు. దుఃఖం ముంచుకొచ్చింది. సునంద చెప్పింది నిజమని ఇంకెవరూ ఆయనకి విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. బెంచీ మీద కూర్చుని పోయిన ఆటో డ్రైవరుకి ఒక పేరుండి ఉంటుందని, అది తను అడగను కూడా అడగలేదని మొదటిసారి తట్టింది. ఛీ అనుకున్నాడు. బయటికే అన్నాడేమో, పక్కనున్న అటెండరు తిరిగి చూశాడు.

సెల్లు మోగింది. చిదంబరం.

"సార్, శుభవార్త! ఢిల్లీ నుంచి ఆర్డరు సంతకమైపోయిందట. సభ రోజునే చేతికిస్తారట. కంగ్రాట్స్ సార్!"

"పట్టీలు తీయించు."

"సార్?"

"ఉన్న ఆసుపత్రులన్నిట్లో పట్టీలు తీసేయమని ఇప్పుడే మెయిలు పెట్టు. వెనక వరసలో ఉన్నవాళ్లందరినీ మళ్లీ చేత్తో పరీక్ష చేయమను. సభ లేదు."

"కారణం ఏమని రాయమంటారు సార్?"

"పట్టీకి నేర్పింది తప్పు. డైరెక్టరు ఎదురుగా కూర్చుని బెదిరిస్తే చెప్పిన దొంగ అంకెలు అవన్నీ. నా పేరు పెట్టి రాయి."

"అయ్యయ్యో, ఎంత మాట సార్! మీ మీద వేసుకోవడం దేనికి? సెన్సరు సప్లై చేసిన కంపెనీ మీద తోసేద్దాం సార్. రెండు నెలల్లో సర్దుకుంటుంది. మీ ఆర్డరుకి కూడా ఇబ్బంది ఉండదు."

చెప్పుకోవడానికి రోత పుడుతుంది కానీ, ఆ మాట ఆయన చెవికి ఒక్క క్షణం ఇంపుగానే వినపడింది. ఇన్నేళ్లుగా తాగి అలవాటైన పానకం కదా. నిజమే, సెన్సరు కూడా అంత గొప్పదేం కాదు అని బుర్ర అప్పుడే లెక్కలు కట్టడం మొదలెట్టింది. లోపల పెళ్లాం ప్రాణం పోయేలా అరుస్తుంటే, బయట ఈ పెద్దమనిషి పదవి బతికే దారి వెతికాడు.

తలుపు తెరుచుకుంది. మెహరున్నీసా గబగబా బయటికొచ్చింది. "పిత్తాశయం సార్. చీము పట్టింది, పగిలేటట్టుంది. గిప్పుడే తీస్తే బతుకుతది, రేపటిదాకా ఆగితే దక్కదు" అంటూ ముందుకి నడిచింది. వెనక స్ట్రెచరు మీద వకుళ. అరుస్తూనే ఉంది. చక్రాలు గుమ్మం దాటుతున్నాయి, ఇంకొక్క క్షణంలో ఆమె కళ్లు ఆయన మీద పడతాయి.

నళినాక్షరావు గబుక్కున పక్కనున్న స్తంభం వెనక్కి వెళ్లిపోయాడు. సెల్లు ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఎవరు సార్ ఆ అరిచేది?" అన్నాడు చిదంబరం.

"మా ఆవిడ" అన్నాడు గొంతు తగ్గించి. "నేను చెప్పినట్టే రాయి. ఒక్క అక్షరం మార్చావంటే ఊరుకోను."

"అలాగే సార్, అలాగే సార్" అన్నాడు చిదంబరం హడలిపోయి. ఆ మనిషి చేత నిజం రాయించడానికి కూడా ఆయనకి తెలిసిన దారి అదొక్కటే. టకటకా టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

స్ట్రెచరు స్తంభం పక్క నుంచే వెళ్లింది. వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోవాలని, నేనున్నానని చెప్పాలని ఆయన ప్రాణం కొట్టుకులాడింది. తను కనపడితే ఆమె నోరు మూసుకుంటుంది. గోడకేసి తిరిగి, లిఫ్టు తలుపులు మూసుకునేదాకా వకుళ అరుపులు వింటూ నిలబడ్డాడు.